గాలిగొట్టానికి శాలువా

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, మిక్చరు ప్లేటు ఖాళీ చేస్తారు, ఆ తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు: "సర్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" వాళ్లు ఏం ఆశిస్తున్నారో నాకు తెలుసు. వికారాబాద్ లాంటి ఊళ్లో సూపర్‌కంప్యూటర్ నడిపినవాడు, మనుషుల ఊపిరితిత్తుల్ని లెక్కలుగా మార్చినవాడు, ఒక ప్రాణం కాపాడిన కథ చెప్పకపోతాడా అని. చెబుతాను. కాకపోతే ఆ కథలో ప్రాణం మీదికి తెచ్చిందీ మేమే, తప్పించిందీ మేమే. మధ్యలో ఒక మేక ఉంది. అందువల్ల అది మా కేంద్రం వార్షిక నివేదికలోకి ఎక్కలేదు.

ముందు యంత్రం సంగతి. సూపర్‌కంప్యూటర్ అంటే చాలామంది గోడంత టీవీ అనుకుంటారు. నిజానికి అది చలిగదిలో వరసగా నిలబెట్టిన నల్ల బీరువాలు. వాటి నిండా కంప్యూటర్లు. అన్నీ కలిసి ఒకే లెక్కను పంచుకుని చేస్తాయి, కంది చేను కోతకు కూలీలు తలా ఒక సాలు పట్టినట్టు. ఒకరు ఆగితే పక్క సాలు వాళ్లు కూడా ఆగి, ఏమైందా అని చూస్తూ నిలబడతారు. ఆ విషయంలోనూ అది అచ్చం కూలీల లాంటిదే.

నా హోదా పేరు పొడుగు, పని పొట్టి. గదిని చల్లగా ఉంచాలి. కరెంటు పోతే హోదాకు తగ్గ వేగంతో జనరేటర్ వైపు నడవాలి. అనంతగిరి గుట్టల నుంచి దిగివచ్చే కోతులు ఏసీ డబ్బాల మీద కూర్చుని వైర్లు పీకకుండా చూడాలి. నేను కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్సీ చేశాను. సిలబస్‌లో కోతులు లేవు.

ఆ యంత్రంతో మా కేంద్రం చేసే పని మాత్రం నిజంగా గొప్పది. మనిషిని స్కాన్ చేసి, అతని శ్వాసనాళాన్ని ఉన్నదున్నట్టు యంత్రంలో కడతారు. తర్వాత అందులోకి లెక్కల గాలి ఊదుతారు. ఎక్కడ ఇరుకుంది, ఎంత వెడల్పు చేస్తే ఊపిరి సులువవుతుంది, ఇక్కడ కోస్తే ఏమవుతుంది, అక్కడ గొట్టం పెడితే ఏమవుతుంది, అన్నీ రోగిని తాకకముందే చూసుకోవచ్చు. తప్పు చేస్తే యంత్రంలో చేస్తాం. చెరిపేసి, ఇంకో కొత్త తప్పు చేస్తాం. మనిషి మీద ఆ సౌకర్యం లేదు.

మా డైరెక్టర్ ఛాతీ వైద్యుడు, మంచి హస్తవాసి ఉన్నవాడు. ఆయనకు ఒకే బలహీనత, సభలు. నలుగురు మనుషులూ ఒక మైకూ కనిపిస్తే ఆయన కళ్లకు వేదిక కూడా కనిపించేది. గాలి లెక్కలు చేసేది మాత్రం ఒక మేడమ్. విమానం రెక్కల మీద గాలి ఎలా జారుతుందో చదువుకుని, ఆ చదువును మనుషుల గొంతుల్లోకి మళ్లించిన మనిషి. రోజూ హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చేవారు. వికారాబాద్ స్టేషన్లో దిగేసరికే ఆమెకు మనుషుల మీద నమ్మకం తగ్గి, లెక్కల మీద పెరిగి ఉండేది.

లెక్కల్ని మనుషుల మీద నమ్మేముందు ఒక జంతువు మీద సరిచూసుకోవాలన్నది పద్ధతి. మేక శ్వాసనాళం వెడల్పులో మనిషి దానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి ఒక మేకను స్కాన్ చేసి, దాని ఊపిరిని కొలిచి, యంత్రం చెప్పేదానితో పోల్చాలని తేలింది. నైతిక సంఘం సమావేశమైంది. మేక నడిచి రావాలి, నడిచి పోవాలి అన్న షరతు మీద అనుమతి ఇచ్చింది. వచ్చేటప్పుడు అది ఆటోలో వచ్చింది. ఆ ఉల్లంఘనను ఎవరూ ప్రస్తావించలేదు.

మేకతోపాటు దాని యజమాని వచ్చాడు. మోమిన్‌పేట్ వైపు ఊరు. మేకలు కాస్తాడు, కొంచెం పొలం ఉంది. భార్య పోయింది, ఒక్కతే బిడ్డ, ఆమెను తాండూరులో ఇచ్చారు. ఆ మేక పాడి మేక, అతనికి ఇంటి మనిషితో సమానం. మాకు సాయంగా పశువుల దవాఖాన డాక్టర్‌ని కూడా పిలిపించాం. మాట నెమ్మది, నిర్ణయం గట్టి. ముప్పై ఏళ్లుగా పశువులతో మాట్లాడి, ఎదుటివాళ్లు తిరిగి మాట్లాడతారన్న ఆశ వదులుకున్న మనిషిలా ఉండేవారు.

స్కానింగ్ యంత్రం దగ్గర కూర్చునేది తాండూరు నుంచి వచ్చే టెక్నీషియన్. అందరూ భాయ్ అనేవాళ్లం. మేకకు మత్తు సూది ఇచ్చి బల్ల మీద పడుకోబెట్టాక భాయ్ తల తిప్పి అన్నాడు:

"సాబ్, మెషీన్ పేరు అడుగుతున్నది. పేరు లేకుంటే ముందటికి పోతలేదు."

"ఎవరి పేరు?" అన్నారు పశువుల డాక్టర్.

"పేషంట్ పేరు."

"పశువుకు పేరెక్కడిది భాయ్. మా దవాఖానల ఓనర్ పేరు రాస్తం. బర్రె ఈనినా ఓనర్ పేరే, దూడ సచ్చినా ఓనర్ పేరే."

భాయ్ మేకల కాపరి పేరు కొట్టాడు. "వయసు?"

"ఓనర్ది."

"మగనా, ఆడనా?"

డాక్టర్ మేక వంకా, మేక యజమాని వంకా చూశారు. "సగం ఓనర్ది, సగం మేకది రాస్తే రికార్డు ఖరాబైతది. అన్ని ఓనర్వే రాయి."

అలా పూటకు చెంబెడు పాలిచ్చే మేక మా కేంద్రంలో మోమిన్‌పేట్ వాస్తవ్యుడైన ఒక నడివయసు మగవాడిగా నమోదైంది. కాపరి మాత్రం సంతోషించాడు.

"నా పేరే పెడుతున్నరా సారూ? మంచిదే. మా ఇంట్ల ఎవరు పెట్టలే."

మెడలోని గంట ఇనుపది, కాబట్టి విప్పేశారు. తాడు విప్పబోతే కాపరి అడ్డుపడ్డాడు. "తాడు తీస్తె ఆగది సారూ. సూది మీది, మేక నాది. దాని సంగతి నాకెరుక." పశువుల డాక్టర్ కూడా ఉండనివ్వమన్నారు. మెడ చుట్టూ రెండు చుట్లు తిరిగిన తాడుతోనే స్కాన్ అయింది.

మత్తు దిగుతూ మేక దగ్గింది. పొడి దగ్గు, చివర చిన్న ఈల. మేక దగ్గగానే కాపరి కూడా దగ్గాడు. అదే పొడి దగ్గు, అదే ఈల. పక్క గదిలోంచి మా డైరెక్టర్ బయటికి వచ్చారు.

"ఎవరు దగ్గింది?"

"ఇద్దరం, డాక్టర్ సాబ్. ఎవరి సంగతి అడుగుతున్నరు?"

డైరెక్టర్ మేకను వదిలి మనిషి మెడ మీద స్టెతస్కోపు పెట్టారు. నాలుగు మాటల్లోనే విషయం బయటపడింది. కొన్నేళ్ల కింద కాపరికి పెద్ద జబ్బు చేసి, హైదరాబాద్‌లో చాలా రోజులు గొంతులో గొట్టంతో ఊపిరి మిషన్ మీద ఉన్నాడు. గొట్టం తీసేశాక, అది ఒరుసుకున్న చోట శ్వాసనాళం మచ్చ కట్టి ముడుచుకుపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అతనేమో బీడీల మీద నింద వేసి ఊరుకున్నాడు.

"చిన్న పనే, లోపలికి బుడగ పంపి వెడల్పు చెయ్యొచ్చు. ముందు యంత్రంలో చూద్దాం" అన్నారు డైరెక్టర్. ఆ వారంలోనే అతన్ని కూడా స్కాన్ చేశారు. భాయ్ పేరు కొట్టగానే స్కానింగ్ యంత్రం అడిగింది: ఈ పేరుతో ఒకరు ఉన్నారు, వారేనా? మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. పేరు అదే, వయసు అదే, ఊరు అదే. భాయ్ అవునని నొక్కాడు. మీరైనా అదే నొక్కుతారు.

మేక లెక్క తర్వాత చూసుకోవచ్చు, మనిషిది ముందు కానిద్దాం అనుకున్నారు మేడమ్. మానవత్వంతో తీసుకున్న నిర్ణయం. కాపరి పేరు ఇచ్చి స్కాన్ పంపమన్నారు. ఆ పేరు మీద మొదట ఉన్నది వచ్చింది.

ఆ స్కాన్‌లో కాళ్లూ ముఖమూ చూస్తే తెలిసేది కదా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. మా ప్రోగ్రామ్ ఎముకలు, కండ, చర్మం, అన్నీ చెక్కేసి, గాలి ఆడే నాళాన్ని మాత్రమే మేడమ్ ముందు పెట్టేది. పనికిరానిదంతా తీసేయడమే దాని ప్రత్యేకత అని మేం సదస్సుల్లో చెప్పుకునేవాళ్లం. బొచ్చు పనికిరాని వాటి కింద పోయింది.

మెడ దగ్గర ఇరుకు ఉండాలి, ఉంది. మెడ కాస్త పొడుగనిపించింది. పొడుగు మెడ మనుషులు ఉండరా ఏమిటి. అసలు వింత కింద కనిపించింది. మనిషి శ్వాసనాళం తిన్నగా దిగి రెండుగా చీలుతుంది. ఇందులో చీలకముందే కుడివైపుకు ఒక చిన్న కొమ్మ విడిగా మొలిచింది. మేడమ్ పుస్తకాలు తిరగేశారు. అలాంటి కొమ్మ మనుషుల్లో చాలా అరుదుగా ఉంటుందని రాసి ఉంది. అది జంతువుల్లో సంగతేమిటో కూడా ఆ పేజీలోనే రాసి ఉందట. అరుదు అన్న మాట కనిపించాక తర్వాతి వాక్యం ఎవరు చదువుతారు.

డైరెక్టర్ మొహంలో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. "మోమిన్‌పేట్‌లో ఇలాంటి నాళం పుట్టిందంటే మన కేంద్రం చేసుకున్న పుణ్యం" అన్నారు. బీరువాలన్నీ ఆ ఒక్క లెక్క మీదే పెట్టాం. రోజుల తరబడి నడిచింది. కోతుల్ని తరమడంలో నేనెప్పుడూ అంత శ్రద్ధ చూపలేదు. చివరికి ఎరుపు, నీలం బొమ్మలుగా ఫలితం వచ్చింది. ఇరుకును వెడల్పు చేసినంత మాత్రాన చాలదు. గాలి ఆ పక్క కొమ్మ దగ్గర సుడి తిరిగి నిలిచిపోతోంది. ఛాతీ తెరిచి, ఆ కొమ్మనూ అది గాలి ఇచ్చే ఊపిరితిత్తి ముక్కనూ తీసేయడం మేలు.

బొమ్మలు హైదరాబాద్‌కు వెళ్లాయి. అక్కడి సర్జన్ చూసి, ఇలా ఉంటే తెరవాల్సిందేనని ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. కోసే ముందు వాళ్లు అసలు స్కాన్ చూసేవాళ్లేనేమో. ఆ 'ఏమో' మీద ఒక మనిషి రొమ్ము ఆధారపడి ఉందని అప్పుడు మాకు తెలియదు.

కాపరిని పిలిచి చెప్పారు.

"రొమ్ము కోస్తె మేకల ఎవరు మేపుతరు సారూ?"

"ముందు నువ్వుంటే కదా, మేకలు."

"నాకేం సమజైతది. మా బిడ్డ తాండూర్ల ఉంటది. అది ఊ అంటె ఊ."

బిడ్డ వచ్చింది. తాండూరులో ఒక పప్పు మిల్లులో పని చేస్తుంది. కందులు తిరగబోస్తూ రాళ్లు ఏరే కళ్లతో మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది.

"బుడగ పంపి వెడల్పు చేస్తమని మొదాలు అన్నరట గదా. ఇప్పుడు రొమ్ము కోస్తమంటున్నరు. నడుమ ఏమైంది?"

"నడుమ సూపర్‌కంప్యూటర్ చూసిందమ్మా" అన్నారు డైరెక్టర్.

"గది సూడకముందే మంచిగుండె."

మేడమ్ ఓపిగ్గా బొమ్మలు చూపించారు. పక్క కొమ్మ చూపించారు. బిడ్డ అన్నీ విన్నది. కాదనడానికి ఆమె దగ్గర మాట లేదు, అవుననడానికి మనసు లేదు. చివరికి ఒక షరతు పెట్టింది.

"సంతకం నేను పెట్టాలె. రేపు మా నాయినకు ఏమన్న అయితె, బిడ్డే కోపిచ్చి సంపిందంటరు. మా అత్తగారోళ్లున్నరు, మా నాయిన పాలోళ్లు గూడ తాండూర్లనే ఉన్నరు. నలుగురి ముందల జెప్పుండ్రి. నలుగురు విన్నంక సంతకం పెడత."

ఆమె అడిగింది నలుగురు. మా డైరెక్టర్‌కు వినిపించింది సభ.

తాండూరులో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. నేలంతా అక్కడి నాపరాయే, చెప్పులు విప్పితే కాళ్లు చల్లబడతాయి. వెనక బ్యానర్: అరుదైన శ్వాసనాళం, ఆధునిక వైద్యం. పదిమందికీ చూపించడానికి ఆ నాళాన్ని తెల్ల ప్లాస్టిక్‌తో నిజం సైజులో అచ్చు పోయించారు. వికారాబాద్ నుంచి దాన్ని ఒడిలో పెట్టుకుని, కారు గుంతలో పడినప్పుడల్లా చెయ్యి అడ్డం పెడుతూ, పురిటి బిడ్డను ఇంటికి తీసుకుపోయినట్టు తీసుకుపోయాను. వేదిక మీద ఇంకో అధికారి ఉంటే నిండుగా ఉంటుందని డైరెక్టర్ అన్నారు. మన పశువుల డాక్టర్‌కు ఈ మధ్యే తాండూరు బదిలీ అయింది. ఆయన్ని పిలిచాం. ఆయన కుర్చీ నా పక్కన.

కాపరి కూడా వచ్చాడు, మేకతో సహా. ఆపరేషన్ అయ్యేదాకా దాన్ని బిడ్డ ఇంట్లో ఉంచడానికి. హాలు బయట స్తంభానికి కట్టేశాడు. లోపలికి అప్పుడప్పుడూ దాని దగ్గు వినిపిస్తోంది.

డైరెక్టర్ ముందుగా సన్మానం పెట్టుకున్నారు. కాపరిని వేదిక మీదికి పిలిచి, మెడలో దండ వేసి, శాలువా కప్పారు. దేనికి సన్మానమో అతనికి అర్థం కాలేదు. మనిషి ఎటు చూడాలో తెలియక మైకు వంక చూస్తూ కూర్చున్నాడు. "ఇలాంటి శ్వాసనాళం కలిగి ఉండటం మామూలు విషయం కాదు" అన్నారు డైరెక్టర్. దాయాదులైన ఆ పాలోళ్లు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న బిడ్డ కొట్టలేదు. ఒడిలో చేతులు బిగించి కూర్చుంది.

ప్రసంగం మొదలైంది. పశువుల డాక్టర్ ఏమీ తోచక బల్ల మీది ప్లాస్టిక్ నాళాన్ని చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి, నా చెవి దగ్గరకు వంగారు.

"మస్తు చేసిండ్రు. పక్క కొమ్మ గూడ కరెక్టుగ వచ్చింది."

"చాలా అరుదైనది సర్."

"అరుదేంది. ప్రతి మేకకు ఉంటది."

నేను నవ్వాను. వేదిక మీద పక్కవాళ్లు ఏమన్నా నవ్వడం మర్యాద. ఆ మాట లోపలికి దిగడానికి కొంచెం టైం పట్టింది. మొదట ఒక సాలు ఆగింది, తర్వాత పక్క సాలు ఆగింది, తర్వాత అన్నీ ఆగాయి.

"ఇది మేకది కాదు సర్. ఆయనది" అని శాలువా కప్పుకున్న కాపరిని చూపించాను.

డాక్టర్ కాపరిని చూశారు. నాళాన్ని చూశారు. మెడ దగ్గర ఇరుకు మీద బొటనవేలు పెట్టారు.

"మరి ఆయన మెడకు తాడెందుకుంటది? గీ గాడి జూడుండ్రి. రెండు సుట్లు. తాడు ఉండనియ్యుమని నేనే అన్న." నాళాన్ని బల్ల మీద పెట్టి అడిగారు. "స్కాన్ మీద పేరు ఎవరిది రాసిండ్రు?"

"మీరు చెప్పినట్టే రాశాం సర్. ఓనర్ది."

"నేను జెప్పింది పశువుల దవాఖాన పద్ధతి. మీది మనుషుల దవాఖాన గదా."

నేను పెన్ను కోసం జేబు తడుముకున్నాను.

ఒక చీటీ మీద 'నాళం మేకది' అని రాసి డైరెక్టర్‌కు అందించాను. ఆయన చూడకుండానే జేబులో పెట్టుకున్నారు. ఇంకా పెద్ద అక్షరాలతో ఇంకొకటి పంపాను. ఆయన మైకులో నవ్వారు. "భోజనాలు చల్లారుతున్నాయని మావాళ్లు చీటీల మీద చీటీలు పంపుతున్నారు. రెండు నిమిషాలు ఓపిక పట్టండి." సభ కూడా నవ్వింది. ఇక లాభం లేదని మేడమ్ దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను. ఆమె వెంటనే ఫోన్ తీసి వికారాబాద్‌లో ఉన్న భాయ్‌కి కలిపి, నేనూ వినేలా స్పీకర్ సన్నగా పెట్టారు.

"భాయ్, మన మోమిన్‌పేట్ పేషంట్ పేరు మీద స్కాన్లు ఎన్ని ఉన్నాయి?"

"రెండు మేడమ్. ఒకటి ఆయనది. ఇంకోటి గూడ..." మౌస్ నొక్కిన చప్పుడు. "జర ఉండుండ్రి." ఇంకో రెండు నొక్కుళ్లు. "మేడమ్, మొదటి దాన్ల కొమ్ములున్నయ్."

మేడమ్ ఫోన్ పెట్టేసి లేచారు. తిన్నగా మైకు దగ్గరికి నడిచి, డైరెక్టర్ చేతిలోంచి దాన్ని దాదాపు లాక్కున్నారు. లెక్కలు నమ్మే మనిషికి మాటలు తక్కువ. అవి వంకర తిరగవు.

"క్షమించండి. మేం ఇంతసేపూ చూపించిన శ్వాసనాళం ఈయనది కాదు, ఈయన మేకది. రెండు స్కాన్లూ ఒకే పేరు మీద ఉన్నాయి. నేను సరిచూసుకోలేదు. ఛాతీ కోయాలని చెప్పింది మేక నాళం చూసి."

బయట మేక దగ్గింది.

బిడ్డ లేచి నిలబడింది. "అంటె మా నాయిన రొమ్ము కోయొద్దా?"

"వద్దమ్మా. హైదరాబాద్‌కు ఇప్పుడే ఫోన్ చేసి ఆపేస్తున్నాం. ఆయనది ఆయనదిగా మళ్లీ చూస్తాం. మొదట చేయాల్సింది అదే."

బిడ్డ కూర్చుంది. కొంగు మొహం మీదికి లాక్కుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. కొంగు తీసేసరికి నవ్వుతోంది. "నాయినా, దండ నీ మెడల వేసిండ్రు గని, సన్మానం మనింటి మేకది" అంది. దాంతో హాలంతా కదిలింది. తాండూరులో తెలుగువాళ్లు, ఉర్దూవాళ్లు, కన్నడవాళ్లు ఉంటారు. మూడు భాషల్లో నవ్వు వేరువేరుగా ఉంటుందేమో అనుకునేవాణ్ని. మన మీద నవ్వేటప్పుడు ఒకేలా ఉంటుంది.

డైరెక్టర్ జేబులోంచి చీటీలు తీసి, రెండూ వరసగా చదువుకున్నారు. మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఇంకొకరైతే ఆ క్షణంలో భాయ్‌ని తిట్టేవారు, నన్ను తిట్టేవారు, కనీసం యంత్రాన్నైనా తిట్టేవారు. ఆయన కాపరి ముందుకు వెళ్లి చేతులు జోడించారు. "పెద్దాయనా, తప్పు మాది. నిన్ను కోయించబోయాం" అన్నారు. మైకు లేకుండా ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

కాపరి మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నాడు. మొహంలో కొత్త ఫికర్ కనబడుతోంది.

"డాక్టర్ సాబ్, గాలిగొట్టం ఇరుకైంది మేకదన్నట్టే గదా."

"అవును."

"కోయకుంటె మంచిగ గాదని గంత పెద్ద మిషన్ జెప్పిందన్నట్టే గదా."

"అవును, కానీ..."

"మరి మేకను ఆపరేషన్‌కు ఎన్నడు తేవాలె?"

డైరెక్టర్ మేడమ్‌ని చూశారు, మేడమ్ నన్ను చూశారు. నేను పశువుల డాక్టర్ని చూశాను. ఆయన నిదానంగా లేచి, వేదిక దిగి బయటికి నడిచారు. వెనకాల కాపరి, అతని వెనక బిడ్డ, ఆమె వెనక మేమంతా. డాక్టర్ స్తంభం దగ్గర కూర్చుని, మేక మెడ మీది తాడు కిందికి రెండు వేళ్లు దూర్చబోయారు. దూరలేదు.

"పిల్లగున్నప్పటి తాడు గదా ఇది?"

"అవును సారూ. మంచి తాడు."

"తాడు మంచిదే. మెడ పెరిగింది." ముడి వదులు చేసి మళ్లీ కట్టారు. మేక తల విదిలించింది. కాసేపు చూశాం. దగ్గలేదు. పక్క కొమ్మ సంగతి అడిగితే, అది దేవుడు అన్ని మేకలకూ పెట్టిందని, దాని జోలికి పోవద్దని చెప్పారు.

అలా మా కేంద్రం సూపర్‌కంప్యూటర్ ఇరుకు ఎక్కడుందో చెప్పి, రోగికి నయం చేయించిన మొట్టమొదటి కేసు పూర్తయింది. యంత్రం తప్పు చెప్పలేదని గమనించండి. ఇరుకు ఉందంది, ఉంది. పక్క కొమ్మ ఉందంది, అదీ ఉంది. తన పేషంట్ ఎవరో దానికి మేం చెప్పలేదు, అంతే.

కాపరిది తర్వాతి వారం లెక్క కట్టాం. ఈసారి మేడమ్ భాయ్ పక్కన నిలబడి, అసలు స్కాన్ మొత్తం తెరిపించి, కొమ్ములు లేవని చూసుకుని, ఎందుకైనా మంచిదని కాళ్లు కూడా చూసుకుని అప్పుడు మొదలుపెట్టించారు. పక్క కొమ్మ లేదు. ఉంగరమంత మచ్చ, అంతే. బుడగతో ఎంత వెడల్పు చేస్తే చాలో, ఎంత దాటితే నాళం చిరిగే ప్రమాదమో యంత్రం చెప్పింది. డైరెక్టర్ ఆ కొలత ప్రకారం తన చేతులతోనే వెడల్పు చేశారు. కోత లేదు, కుట్టు లేదు. మర్నాడు కాపరి మా కొండదారి ఎక్కుతూ బీడీ అడిగాడు. బిడ్డ ఇవ్వలేదు. ఆ విషయంలో ఆమెకు నలుగురి సాక్ష్యం అవసరం పడలేదు.

ఆ తర్వాత మా దగ్గర ఒక నియమం వచ్చింది. ఏ లెక్కైనా మొదలుపెట్టే ముందు, చెక్కకముందటి బొమ్మను తెర మీద పెట్టి, పేషంట్ ముఖం చూడాలి. పిల్లలూ, మీ యంత్రాలు మా వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవి. మా రోజుల్లో వారం పట్టిన పొరపాటు మీకు ఇప్పుడు మధ్యాహ్నం లోపల అయిపోతుంది. కాబట్టి అది ఏం చెప్పిందని అడిగే ముందు, ఎవరి గురించి చెప్పిందని అడగండి.

చివరిగా ఒక్క సంగతి. ఆ చలికాలం పని మీద మోమిన్‌పేట్ పోతూ, దారిలో కాపరి ఊరని గుర్తొచ్చి ఆగాను. పొద్దుటి పూట, మంచు ఇంకా విడవలేదు. అతను వాకిట్లో పాత గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. ఈల లేని గొంతుతో రమ్మన్నాడు. పక్కన మేక నెమరేస్తోంది. దాని వీపు మీద జరీ అంచు శాలువా, జారిపోకుండా మెడ దగ్గర వదులుగా ముడి వేసి ఉంది.

"సన్మానం శాలువా మేకకు కప్పావేంది పెద్దాయనా?" అన్నాను.

"దాని గాలిగొట్టానికి కప్పిండ్రు గదా సారూ" అన్నాడు. "నేనెట్ల కప్పుకుంట."